వేడి ముల్లు చెప్పిన మాట

నాకు ఈత రాదు. బందరులో పుట్టి, మంగినపూడి సముద్రానికి సైకిల్ మీద వెళ్ళొచ్చేంత దూరంలో పెరిగి, మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. స్నేహితులు ఎగతాళి చేసినప్పుడు కారణాలు చెప్పేవాణ్ణి: ఉప్పునీళ్ళు కళ్ళకు పడవు, చెప్పులు పోతాయి, ఫోను తడుస్తుంది. మూడూ అబద్ధాలే. కాళ్ళ కింద ఇసుకను అల లాక్కుపోతుంటే నా కడుపు ఖాళీ అయిపోయినట్టుండేది. ఉన్న కారణం అదొక్కటే.

అలాంటివాణ్ణి బావ పడవలో మీటర్లు బాగుచెయ్యడానికి ఒప్పుకున్నాను.

బావంటే మా అక్క భర్త. దివిసీమలో, హంసలదీవికి కాస్త ఇవతల, ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. రెండు పంటలు కలిసొచ్చిన ఏడాది, గోవాలో ఎవరో వాడి వదిలేసిన ఫైబరు పడవనొకదాన్ని లారీ మీద తెప్పించుకున్నాడు. చేపలు పట్టడానికి కాదు, సరదాకి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని ఏటిలో తిప్పాలని ఆయన ముచ్చట. ఏడుగురు కూర్చోవచ్చు. పైన నీలం గుడ్డ పందిరి, వెనక చెక్కమూత కింద డీజిలు ఇంజను, ముందు తిప్పే చక్రం, దాని పక్కన నాలుగు గుండ్రటి మీటర్లు. ఒకటి ట్యాంకులో డీజిలు, ఒకటి ఇంజను వేడి, ఒకటి ఆయిలు ప్రెషరు, ఒకటి బ్యాటరీ.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. గుడివాడ, ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల్లో, నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లుంటాయి. వాటి మోటార్లు, ప్యానళ్ళు బాగుచెయ్యడం నా వృత్తి. నీళ్ళ పక్కన పనే కానీ, గట్టు మీద నిలబడి చేసే పని.

శనివారం ఉదయం రేవు దగ్గర బావ నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏవయ్యా ఇంజనీరూ, నా పడవకి దయ్యం పట్టింది. హారన్ కొడితే డీజిలు అయిపోతుంది. లైటేస్తే ఇంజను కాలిపోతుంది. రెండూ ఆపితే ట్యాంకు మళ్ళీ నిండిపోతుంది. ఇంత చవగ్గా డీజిలు పోసే పడవ ఈ జిల్లాలో ఇంకోటుందా?"

"ఇంజను నిజంగా వేడెక్కుతోందా బావా?"

"నిజంగా ఎక్కితే నిన్నెందుకు పిలుస్తాను, మెకానిక్కుని పిలుస్తాను గానీ."

పడవ నడపడానికి ఆయన ఒక సరంగుని పెట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి, చిన్నప్పట్నుంచీ వేట పడవల మీద బతికినవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. మీటర్ల గురించి ఏం గమనించారని అడిగితే నవ్వాడు.

"అయ్యి మీరు చూసుకోండి బాబూ. నాకు ఎనకాల నీళ్ళు పడతంటే చాలు."

ఆ ఇంజనుకు రేడియేటరు లేదు. పడవ అడుగున ఒక రంధ్రం ద్వారా ఏటి నీటినే పీల్చుకుని, ఇంజను చుట్టూ తిప్పి, వెనక గొట్టంలోంచి బయటికి కక్కుతుంది. ఆ ఉదయం మీటర్లు చూపించడానికి నన్ను ఏటిలో ఓ చుట్టు తిప్పారు. సరంగు నడుపుతున్నంతసేపూ నాలుగైదు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి ఆ ధార చూసేవాడు. అప్పుడప్పుడు బావ చేతికి చక్రమిచ్చి, వెనక్కి వెళ్ళి ధారలో చెయ్యి పెట్టి వచ్చేవాడు. నాకది ముచ్చటగా అనిపించింది. ముచ్చటగా మాత్రమే అనిపించింది.

నేను నా పద్ధతిలో మొదలుపెట్టాను. నోట్‌బుక్కు తీసి మొదటి పేజీలో రాసుకున్నాను: నాలుగు ముళ్ళూ ఒకేసారి కదులుతున్నాయి. కాబట్టి తప్పు నాలుగింటిలో లేదు, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. ఉమ్మడిగా ఉండేవి రెండే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, తిరిగి వెళ్ళే ఎర్తు. వచ్చే దారి కొలిచాను, బాగుంది. వెళ్ళే దారి కొలిస్తే, హారన్ కొట్టినప్పుడల్లా లెక్క తప్పుతోంది. మీటర్ల వెనక పడుకుని టార్చి వేసి చూస్తే, ఎర్తు తీగ బిగించిన బోల్టు ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి, వేలితో తోస్తే ఊగుతోంది. గీకి, కొత్త తీగ వేసి, బిగించాను.

తర్వాత ఒక్కో మీటరునీ విడిగా పరీక్షించాను. ఇది చాలా సులువు. వేడి మీటరు తీగ ఇంజను మీదున్న సెన్సరు నుంచి వస్తుంది. ఆ తీగ పీకేస్తే ముల్లు చల్లని వైపు చివరికి పడిపోవాలి. పీకిన తీగని ఇంజను ఇనుముకి తగిలిస్తే ముల్లు వేడి వైపు చివరికి పోవాలి. రెండూ జరిగితే తీగ, మీటరు రెండూ మంచివే. పది సెకన్ల పని. రెండూ జరిగాయి. వేడి తీగ ఇంజనుకు మరీ దగ్గరగా వేలాడుతుంటే, దాన్ని పక్కనుంచి తిప్పి క్లిప్పులతో కట్టాను. పదకొండు పనులు రాసుకున్నాను, పదకొండుకీ టిక్కు పెట్టాను.

మీటర్ల కింద ఒక చిన్న అలారం ఉంది, ఇంజను కాలితే కూత పెట్టేది. దాని తీగ ఊడి వేలాడుతోంది.

"అది నేనే పీకేశాను," అన్నాడు బావ. "ఊరికే అరిచి చస్తోంది. చెరువు ప్యానల్లో నువ్వూ అంతేగా చేసేది?"

నిజమే. చెరువుల మీద మేమంతా చేసేది అదే. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గే వేళ ఏరియేటరు ఒక్క అరగంట ఆగితే, ఏడాది కష్టం వెల్లకిలా తేలుతుంది. అందుకని మోటారుని ఆపే ప్రతి పరికరమూ చెరువు రైతుకి శత్రువే. రిలే పడిపోతోందా, తీసేసి డైరెక్టు ఇవ్వు. అలారం అరుస్తోందా, పీకెయ్యి. నేను ఈ పనిలోకొచ్చిన మొదటివారం విన్న మొదటి మాట, "ఆపకుండా చెయ్యవయ్యా" అని. మోటారు తిరుగుతుండగానే తప్పు వెతకడం నా చేతులకు అలవాటైపోయింది. ఆ అలారం తీగని అలాగే వదిలేశాను. అది నా పదకొండు పనుల్లో లేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. బావ, అక్క, వాళ్ళ ఆరేళ్ళ పాప, నేను, సరంగు. అక్క అత్తగారు రేవు దాకా వచ్చి పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది కానీ పడవెక్కలేదు. ఉప్పెనలో సగం కుటుంబాన్ని పోగొట్టుకున్న మనిషి.

"రండత్తయ్యా, మొగ దాకా వెళ్ళి సముద్రం చూసొచ్చేద్దాం," అంది అక్క.

"సముద్రాన్ని చూట్టానికి నేనెల్లాలా? అదే ఓసారొచ్చి చూసెల్లిందిగా."

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. అక్కడ ఇసుక తిన్నెల మీద అలలు విరుగుతుంటాయి. అంతదాకా వెళ్ళం, కనిపించే దూరంలో తిరిగి వచ్చేస్తాం అని బావ మాట ఇచ్చాడు.

లైఫ్ జాకెట్లు నాలుగే ఉన్నాయి, నాలుగూ పెద్దవాళ్ళవి. పాపకి ఒకటి వేసి, జారిపోకుండా అక్క తన చున్నీతో నడుం చుట్టూ కట్టింది. సరంగు అక్కర్లేదన్నాడు. నేను ఎవరూ అడగకుండానే ఒకటి తీసుకుని అన్ని బకిల్సూ పెట్టుకున్నాను.

"మావయ్య బాంబు చుట్టుకున్నట్టున్నాడు," అంది పాప.

"మీ మావయ్యకి కుళాయి తిప్పినా జాకెట్టు కావాలి," అన్నాడు బావ.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పడవ రేవు వదిలిన దగ్గర్నుంచీ నేను చూసింది నీళ్ళని కాదు, నాలుగు ముళ్ళని. డీజిలు ముప్పావు. ఆయిలు మధ్యలో. బ్యాటరీ మధ్యలో. వేడి ఎనభై దగ్గర. బావ హారన్ కొట్టాడు. ఏ ముల్లూ కదల్లేదు. లైటు వేశాడు, కదల్లేదు. "అబ్బో, దయ్యం దిగిపోయిందే!" అని నా వీపు చరిచాడు. అప్పుడు మాత్రం కాసేపు భయం పోయింది. రెండు వైపులా మడ అడవులు, కొమ్మల మీద కొంగలు, పైనుంచి కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క గుంపులు. అక్క ఫొటోలు తీస్తోంది.

మూడూ పదికి వేడి ముల్లు తొంభై దగ్గరుంది. టైము నాకు గుర్తుండడానికి కారణం, ఏ లెక్క మారినా వాచీ చూసుకోవడం నా అలవాటు.

మిగిలిన మూడూ కదల్లేదు. ఇక్కడ నేను ఏం ఆలోచించానో ఉన్నదున్నట్టు రాయాలి. శనివారం నేనే రాసుకున్నాను, నాలుగూ కలిసి కదిలితే తప్పు ఉమ్మడిగా ఉందని. ఒక్కటే కదిలితే రెండే కారణాలు. ఒకటి, ఇంజను నిజంగా వేడెక్కుతోంది. రెండు, ఆ సెన్సరు తీగ తొడుగు ఎక్కడో కోసుకుపోయి ఇనుముకి తగులుతోంది. రెండో కారణమే నా బుర్రలో ముందు మెదిలింది, ఎందుకంటే ఆ తీగని నిన్న పక్కకి తిప్పి కట్టింది నేనే. క్లిప్పు గట్టిగా బిగించానేమో, కోసుకుపోయిందేమో, నా పని చెడిపోయిందేమో. బావ ఇప్పుడే వీపు చరిచాడు. ఆ ముల్లుని ఆయన చూస్తాడేమోనని నా భయం. ఇంజను కాలుతుందేమోనన్న భయం దాని వెనక ఎక్కడో ఉంది. ఇంకా రాలేదు.

"బాబాయ్, వెనక మూత తీస్తాను. ఒక తీగ చూడాలి."

సరంగు వెనక్కి తిరిగి చూశాడు. "బాబూ, ధార సన్నబడింది. కాసేపు ఇంజను తగ్గించి సూద్దారా?"

"వద్దు వద్దు, ఆపొద్దు. నడుస్తుంటేనే తప్పు దొరుకుతుంది. నడవనీండి."

చెరువు గట్టు మీద వెయ్యిసార్లు అన్న మాట అది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. చదువుకున్నవాడి మాట కదా అని ఆయన మళ్ళీ అడగలేదు.

మూత తీశాను. వేడి మొహానికి కొట్టింది. ఇంజను దగ్గర వేడి ఉండదా అనుకున్నాను. తీగని ఒక చివర నుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చాను. మొదటి క్లిప్పు, బాగుంది. రెండోది, బాగుంది. మూడోది విప్పి చూశాను, తొడుగు మీద గీత కూడా లేదు. లేచి ముల్లు చూశాను: నూరు. మళ్ళీ వంగాను. తప్పు ఇంకా దొరకలేదు కాబట్టి ఇంకా వెతకాలి అనిపించింది తప్ప, తప్పు లేదు కాబట్టి దొరకలేదని అనిపించలేదు. అప్పుడు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇంజను శబ్దం గొంతు పట్టేసినట్టు మారింది. పడవ వేగం తగ్గింది.

సరంగు నన్ను అడగలేదు. ఇంజను కట్టేశాడు. మూడూ పందొమ్మిది.

అంతసేపూ ఇంజను మోత కింద దాగున్న ఇంకో మోత అప్పుడు వినపడింది. అది మొగ దగ్గర అలలు విరిగే చప్పుడు.

"ఏవైంది?" అన్నాడు బావ.

నేను అప్పుడు చేశాను, ఆ పది సెకన్ల పరీక్ష. సెన్సరు తీగ పీకాను. ముల్లు చల్లని వైపుకి పడిపోయింది. మళ్ళీ పెట్టాను. నూటపదికి ఎక్కింది. తీగ మంచిదే, మీటరూ మంచిదే. నిన్న టిక్కు పెట్టేశాను కాబట్టి ఇవాళ మళ్ళీ చెయ్యాలని తోచలేదు. తొమ్మిది నిమిషాలు.

"నిజంగానే వేడెక్కింది," అన్నాను.

అక్క చక్రం దగ్గరే ఉంది. "ఆపేశాక కూడా ఎక్కుతోందేంట్రా ఇది?" అంది.

ముల్లు నూటపదిహేను దాటుతోంది. లోపల నీళ్ళు తిరగడం ఆగిపోతే ఇనుములో దాగిన వేడంతా ఒకేసారి సెన్సరు మీదకొస్తుందని నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. చదివినది ఇప్పుడు కళ్ళముందు జరుగుతోంది. నూటపద్దెనిమిది దగ్గర ఆగింది. మీటరు మీద అంకెలు నూటఇరవైతో అయిపోతాయి.

సరంగు అప్పటికే లంగరు వేశాడు. ఏటి అడుగంతా మెత్తటి బురద, లంగరు పట్టు దొరకట్లేదు. సముద్రం నీళ్ళను వెనక్కి లాగే వేళని ఆయన పాటు అనేవాడు. "పాటు మొదలై అరగంటయింది," అన్నాడు తాడు పట్టుకునే. "ఇంకా గట్టిపడద్ది."

బావ ఫోను తీసి, అవతలి ఒడ్డున పడవలున్న తన స్నేహితుడికి కలిపాడు. సిగ్నల్ ఒక్క గీత ఉంది.

"ఒరేయ్, మేం మొగ దగ్గర ఇరుక్కున్నాం... మొగ! మొగరా బాబూ!... ఏంటి, భోంచేశానా? భోంచేశాను గానీ నువ్వు పడవ తీసుకుని రా!... గంటా?" ఫోను దించి మావైపు చూశాడు. "గంట పడుతుందంట."

ఆయన మొహంలో నవ్వు లేకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

నాకు మిగిలింది ఒక్కటే, వరస. చెయ్యాల్సినవి వరసగా పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను. ధార సన్నబడింది, కాబట్టి నీళ్ళు లోపలికి రావట్లేదు. నీళ్ళు వచ్చే దారిలో మొదట అడుగున రంధ్రం, తర్వాత కవాటం, తర్వాత జల్లెడ డబ్బా, తర్వాత పంపు. జల్లెడ డబ్బా మూత తియ్యాలంటే ముందు కవాటం కట్టెయ్యాలి, లేకపోతే ఏరు పడవలోకొస్తుంది. కవాటం బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పాను, కదల్లేదు. బావ వచ్చి నా చేతుల మీద చేతులేశాడు. కదిలింది. మూత విప్పాను. జల్లెడలో గుర్రపుడెక్క వేళ్ళు కొన్ని ఉన్నాయంతే. ఇంజను ఆగిపోయేంత కాదు. కవాటం కొంచెం తెరిచి చూశాను. పొంగుకొచ్చి మీదపడాల్సిన నీళ్ళు చుక్కలుగా కారాయి.

"అడుగున పట్టేసింది," అన్నాను.

ఆ తర్వాతి మాట నేను అనలేదు. అనాల్సిన పని లేకుండా సరంగు నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. జాకెట్టు నాకుంది. విప్పి ఇవ్వాలని తోచింది. చేతులు బకిల్ దాకా వెళ్ళాయి. "అదేసుకుంటే మునగలేను బాబూ, ఉంచుకోండి," అన్నాడాయన. నేను ఎంత త్వరగా చేతులు దించేశానో అక్క చూసింది.

ఆయన దిగాడు. తాడు బావ చేతిలో, బావ వెనక నేను. పాటు తాడుని సముద్రం వైపే లాగుతోంది. ఆయన మునిగాక నేను లెక్కపెట్టాను. ఇరవై రెండు దగ్గర తేలాడు, ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగాడు. ఈసారి ముప్పై. నలభై. పాప "తాతేడీ?" అని అడిగింది. "ఉన్నాడమ్మా, కింద శుభ్రం చేస్తున్నాడు," అంది అక్క నవ్వుతూ. అంత మామూలు గొంతుతో ఎలా అనగలిగిందో నాకు అర్థం కాలేదు. నలభై ఏడు దగ్గర తేలాడు. చేతిలో చిరిగిన తెల్లటి సంచి ముక్క. రొయ్యల మేత సంచి. ఆ ఖాళీ సంచుల్ని చెరువుల మీద ఎవరం దాస్తాం, కాలవలో పడేస్తాం. బావ దాన్ని అందుకుని, ఒక్క క్షణం చూసి, నీళ్ళలోకి విసరబోయి ఆగి, కాళ్ళకింద తొక్కి పెట్టుకున్నాడు.

కవాటం తెరిస్తే డబ్బాలోకి నీళ్ళు బుస్సున వచ్చాయి. ఒక భయం తీరింది. రెండు కొత్తవి వచ్చాయి.

ఒకటి, అంతసేపు నీళ్ళు లేకుండా తిరిగిన పంపులో రబ్బరు రెక్కలు మిగిలి ఉన్నాయా? అది ఇంజను నడిస్తే తప్ప తెలియదు. రెండు, ఇంత వేడి మీదున్న ఇనుములోకి చల్లటి నీళ్ళు పంపితే పగిలిపోవచ్చు. ఎనభైకి దిగేదాకా ఆగాలి. ముల్లు నూటపన్నెండు మీదుంది.

నీళ్ళలో వల కట్టే గుంజ ఒకటి, దాని వెనక ఒడ్డున ఎత్తయిన మడ చెట్టు ఒకటి ఉన్నాయి. లంగరు వేసినప్పుడు అవి రెండూ ఒకే గీతలో ఉండేవి. ఇప్పుడు గుంజకి చెట్టు చాలా ఎడంగా ఉంది. మేం జారుతున్నాం. వాచీ పట్టుకుని కొలిచాను. రెండు నిమిషాలకి సుమారు ఒక పడవ పొడవు. తెల్లగా విరుగుతున్న అలలు పన్నెండు పడవల పొడవు దూరంలో ఉన్నాయి. ముల్లు పది డిగ్రీలు దిగడానికి ఏడు నిమిషాలు తీసుకుంటోంది, దిగేకొద్దీ ఇంకా నెమ్మది. రెండు లెక్కలూ నోట్‌బుక్కులో పక్కపక్కన వేశాను. రెండూ ఇంచుమించు ఒకే చోట ముగుస్తున్నాయి.

"ఇంకో పాతిక నిమిషాలు ఆగాలి," అన్నాను.

"పావుగంట లేదు బాబూ," అన్నాడు సరంగు, తడి లుంగీ పిండుకుంటూ. "మీరు జారుడు ఒకేలా లెక్కేశారు. పాటు ఒకేలా లాగదు."

మళ్ళీ కొలిచాను. ఈసారి ఒక పడవ పొడవుకి నిమిషన్నరే పట్టింది.

పడవ ఊపు మారింది. అంతవరకూ మెల్లగా ఊగేది, ఇప్పుడు ముక్కు పైకెత్తి దించుతోంది. జాకెట్టు వేసుకుంటే మనిషి తేలతాడు, నాకు తెలుసు. తేలి ఎక్కడికి పోతాడు? పాప జాకెట్టు భుజాల మీంచి చెవులదాకా వచ్చి ఉంది. నీళ్ళలో అది తలమీంచి ఊడిపోతుందని, చున్నీ ముడి తడిస్తే నిలవదని, నేను లెక్కలు వేసుకోకుండా ఉండలేకపోయాను. అక్క ఆ ముడిని మళ్ళీ మళ్ళీ బిగిస్తోంది. ఆమె కూడా అదే లెక్క వేస్తోంది.

నూటఐదు. నూటరెండు.

"చెప్పు," అన్నాడు బావ. చక్రం దగ్గర తాళంచెవి మీద ఆయన చెయ్యి ఉంది. "నువ్వు చెప్తేనే తిప్పుతాను."

ఇప్పుడు తిప్పితే ఇంజను పగలొచ్చు, పగిలితే గంటలో వచ్చే పడవ మాకు పనికిరాదు. ఆగితే ఇసుక తిన్నె. ముల్లుని చూశాను. ఇందాక అది నిజం చెబుతుంటే నమ్మలేదు. ఇప్పుడు దాని మాట తప్ప నా దగ్గర ఇంకేం లేదు. దిగమని దాన్ని బతిమాలుకున్నాను. అమ్మ చిన్నప్పుడు నేర్పిన ప్రార్థన ఒకటుంది, దాని మొదటి మాట కూడా గుర్తురాలేదు.

తొంభై ఎనిమిది దగ్గర సరంగు లంగరు తాడు మీంచి తలెత్తి నావైపు చూశాడు.

"తిప్పు బావా."

తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. దగ్గింది. మూడోసారి అందుకుంది. నేను వెనక్కి పాక్కుంటూ వెళ్ళి గొట్టం మీదకి వంగాను. నీళ్ళు లేవు. ఒకటి, రెండు, మూడు. పొగ మాత్రమే. ఐదు, ఆరు. పంపు రెక్కలు పోయాయి, అయిపోయింది అనుకున్నాను. తొమ్మిదికి గొట్టం ఉమ్మినట్టు ఒక గుక్కెడు కక్కింది. ఆగింది. మళ్ళీ కక్కింది. నేను ఆ ధారలో చెయ్యి పెట్టాను. కాలింది. తియ్యలేదు. కాసేపటికి కాలడం తగ్గి, వెచ్చగా, ధారగా పడటం మొదలైంది.

"పడుతున్నాయి!" అని అరిచాను.

సరంగు, బావ కలిసి లంగరు లాగారు. పాటుకి ఎదురు, నడిచే మనిషి వేగంతో వెనక్కి వచ్చాం. దారిలో బావ స్నేహితుడికి ఫోను చేసి, ఇక రానక్కర్లేదన్నాడు. రేవు చేరడానికి గంటకి పైనే పట్టింది. అంతసేపూ నేను ఆ గొట్టం దగ్గర్నుంచి లేవలేదు. ముల్లు ఎంతుందో అక్కని అడుగుతూనే ఉన్నాను, అక్క అంకె చెబుతూనే ఉంది. అంకె తప్ప ఇంకొక్క మాట కలపలేదు.

రేవులో నలుగురైదుగురు పోగయ్యారు. ఫోను సంగతి తెలిసిపోయింది. అత్తగారు పాపని ఎత్తుకుని వదల్లేదు. బావకి గొంతు తిరిగొచ్చింది.

"ఏం లేదండీ, మీటరు మోసం చేసింది. గోవా సరుకు కదా! మావాడు లేకపోతే ఈపాటికి అండమాన్లో ఉండేవాళ్ళం."

నన్ను కాయడానికే అలా అన్నాడు, నాకు తెలుసు. ఆ మాట వెనక నిలబడిపోవడం ఎంతో తేలిక. ఒడ్డు మీద సరంగు తాడు చుట్టుకుంటూ, నావైపు చూడకుండా పని చేసుకుంటున్నాడు.

"మీటరు నిజమే చెప్పింది బావా," అన్నాను. "నేనే నమ్మలేదు. బాబాయ్ ఆపుదామంటే వద్దన్నాను."

బావ ఏదో సర్దబోయాడు. పోగైనవాళ్ళు సరంగు వైపు తిరిగారు. "అయిందేదో అయింది, పోండి పోండి," అన్నాడాయన.

కారు దగ్గర అక్క పాప చెప్పుల్లోంచి నీళ్ళు వంపుతోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎంతసేపు?" అంది తలెత్తకుండా.

"ఏది?"

"నువ్వది చూసిన దగ్గర్నుంచి నమ్మేదాకా."

"తొమ్మిది నిమిషాలు."

"అంతసేపు ఏం వెతికావు లోపల?"

"నిన్న నేను కట్టిన తీగ. నా పని చెడిపోయిందేమోనని భయమేసింది."

రెండో చెప్పు వంపింది. అందులోంచి ఇసుక కూడా రాలింది.

"పిల్ల నా మొహం చూసి భయపడుతుందని నేను పళ్ళు బిగబట్టి నవ్వుతూ కూర్చున్నాను," అంది. "నువ్వేమో తీగ కోసం భయపడ్డావు."

ఆమె పాపని వెనక సీట్లో తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలుపు వేసుకుంది. బావ కారు స్టార్టు చేశాడు. నేను ఇంకా గట్టు మీదే నిలబడి ఉన్నాను. కాలిన అరచెయ్యి అప్పుడు మండటం మొదలుపెట్టింది.

కిటికీ అద్దం దిగింది.

"ఎక్కుతావా, నడిచొస్తావా?" అంది అక్క.

ఎక్కాను.